మూడేళ్ల అధికారం ఉన్న కోర్టు ఏడేళ్లు వేస్తే

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మా తమ్ముడు మా ఊరి సహకార సొసైటీలో గుమాస్తాగా చేసేవాడు. రైతులు కట్టిన బాకీలకు రసీదులిచ్చి పుస్తకంలో తక్కువ రాశాడని, 2 లక్షల 40 వేలు తేడా తేలిందని 2015లో కేసు పెట్టారు. అప్పుడు 41 రోజులు రిమాండులో ఉండి బెయిలు మీద వచ్చాడు. అప్పటి నుంచీ వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాం. పదిహేడు రోజుల క్రితం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులో తీర్పు వచ్చింది. ఐపీసీ 408 (గుమాస్తా చేసిన నమ్మకద్రోహం) కింద మూడేళ్లు, 468 (మోసం కోసం ఫోర్జరీ) కింద రెండేళ్లు, 477ఏ (లెక్కల తారుమారు) కింద రెండేళ్లు వేశారు. ఒకటి పూర్తయ్యాక ఇంకొకటి అనుభవించాలట. అంటే ఏడేళ్లు. ఒక్కో సెక్షనుకు 20 వేలు జరిమానా, కట్టకపోతే ఒక్కోదానికి ఏడాది జైలు. కోర్టు హాల్లోంచే జైలుకు తీసుకెళ్లారు.

మా అమ్మాయి లా రెండో సంవత్సరం చదువుతోంది. మేజిస్ట్రేటు మూడేళ్లకు మించి వేయకూడదని వాళ్లకు పాఠంలో చెప్పారట. మా బావగారేమో, అధికారం లేకుండా ఇచ్చిన తీర్పు చెల్లదు, హైకోర్టుకెళ్లి మొత్తం కొట్టించేద్దాం అంటున్నారు. కేసు నడిపిన వకీలు గారు అదే మేజిస్ట్రేటు గారి దగ్గర మెమో వేస్తే సరిచేస్తారంటున్నారు. ఇంకొకాయన అప్పీలుకెళ్తే శిక్ష పెరుగుతుందని భయపెట్టారు. ఎవరి మాట వినాలో తెలియక నిద్ర పట్టడం లేదు. దారి చెప్పండి.
– ఒక అక్క

సమాధానం: అమ్మా, ముందు గోడ మీద క్యాలెండరు చూడండి. మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు వేసుకోవడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. అందులో 17 అయిపోయాయి. తీర్పు చెప్పిన రోజు లెక్కలోకి రాదు, సర్టిఫైడ్ కాపీ కోసం కోర్టు తీసుకున్న రోజులు కూడా తీసేస్తారు. కానీ ఆ లెక్కల మీద ఆధారపడి కూర్చోవద్దు. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు కాపీ ఒకటి వెంటనే, ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం. అది మీ తమ్ముడి చేతికో, కేసు నడిపిన వకీలు చేతికో ఈపాటికి వచ్చే ఉంటుంది. ఈ రోజే కనుక్కోండి. గడువు దాటినా ఆలస్యాన్ని క్షమించమని పిటిషన్ వేసుకోవచ్చు, మనిషి జైల్లో ఉన్నాడంటే కోర్టులు సాధారణంగా ఉదారంగానే చూస్తాయి. కానీ ఆ పిటిషన్ తేలేదాకా అప్పీలుకు నంబరు పడదు, నంబరు పడేదాకా బెయిలు మాట ఎత్తలేం. ఆ రోజులన్నీ మీ తమ్ముడు లోపలే గడపాలి.

ఇక మీ అమ్మాయి మాట. ఆమె చెప్పింది సగం నిజం. మిగతా సగం కూడా తెలిస్తేనే మీ కేసు అర్థమవుతుంది.

ఏ కోర్టు ఎంత శిక్ష వేయవచ్చో సీఆర్‌పీసీ, అంటే నేర విచారణ పద్ధతి చట్టం, సెక్షన్ 29 చెబుతుంది. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్ల వరకు జైలు, 10 వేల వరకు జరిమానా వేయవచ్చు. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు, అంటే సీజేఎం, ఏడేళ్ల దాకా వెళ్లవచ్చు. మీ తమ్ముడి మీద పెట్టిన మూడు సెక్షన్లకూ ఐపీసీలో గరిష్ఠ శిక్ష ఏడేళ్లే. అయినా ఆ మూడింటినీ విచారించే కోర్టు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుదే. నేరానికి ఏడేళ్లు రాసి ఉన్నా, విచారించే చేతికి మూడేళ్లే ఇచ్చారన్నమాట. ఇది చట్టంలో లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. ఈ ముద్దాయికి నా మూడేళ్లు సరిపోవు అని మేజిస్ట్రేటుకు అనిపిస్తే సెక్షన్ 325 ఉంది. సాక్ష్యం అంతా విన్నాక, తానుగా శిక్ష వేయకుండా, దోషి అనుకుంటున్నాను, నా అధికారం చాలదు అని అభిప్రాయం రాసి, కాగితాలనూ మనిషినీ సీజేఎంకు పంపాలి. మీ కేసులో అలా చేయలేదు. తానే దోషి అన్నారు, తానే శిక్ష వేశారు.

అయితే ఆయన ఒక్కో సెక్షను కింద వేసింది మూడేళ్లకు మించలేదు, చూడండి. మూడు, రెండు, రెండు. విడివిడిగా చూస్తే ప్రతిదీ ఆయన అధికారంలోనే ఉంది. ఒకే విచారణలో చాలా నేరాలు రుజువైతే ఏం చేయాలో సెక్షన్ 31 చెబుతుంది. శిక్షలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టవచ్చు, మొత్తం కలిపితే తన అధికారం దాటుతోందన్న ఒక్క కారణంతో పై కోర్టుకు పంపనక్కర్లేదు అంటుంది. అందుకే మూడేళ్లకు మించకూడదు అన్నంత మాత్రాన అప్పీలు గెలవదు. కానీ అదే సెక్షను వెంటనే పగ్గం కూడా వేసింది. అలా కలిపిన మొత్తం, ఒక నేరానికి ఆ కోర్టు వేయగలిగిన శిక్షకు రెండింతలు మించకూడదు. మూడుకు రెండింతలు ఆరు. మీ తమ్ముడికి పడింది ఏడు. ఏడాది ఎక్కువ.

జరిమానా కూడా చూడండి. ఒక్కో సెక్షనుకు 10 వేలే వేయగలరు, 20 వేలు వేశారు. ఇక్కడ మీ అమ్మాయి కొత్త పుస్తకం తెరిచి, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 23లో 50 వేలని ఉందే అనవచ్చు. ఉంది. అవతలి ప్రాసిక్యూటరు గారూ అదే అనవచ్చు. కానీ 2024 జూలై 1 నాటికి నడుస్తున్న విచారణలు పాత సీఆర్‌పీసీ ప్రకారమే ముగించాలని అదే సంహిత సెక్షన్ 531 చెబుతోంది. 2015 నాటి కేసు ఆ తేదీకి విచారణలోనే ఉంది కాబట్టి పాత 10 వేల కొలతే వర్తిస్తుంది. అన్నట్టు ఆ 10 వేలు కూడా 2006 నుంచి వచ్చినవే, అంతకుముందు 5 వేలే.

మూడో తప్పు చాలామంది వకీళ్ల కంట కూడా పడదు. జరిమానా కట్టకపోతే వేసే జైలుకూ హద్దుంది. అసలు శిక్షలో జైలు కూడా ఉన్నప్పుడు, ఆ నేరానికి మేజిస్ట్రేటు వేయగలిగిన కాలంలో నాలుగో వంతు మించకూడదని సెక్షన్ 30 అంటుంది. మూడేళ్లలో నాలుగో వంతు తొమ్మిది నెలలు. మీకు ఏడాది వేశారు. ఐపీసీ 65 ప్రకారం ఏడేళ్లలో నాలుగో వంతు, అంటే 21 నెలలు వేయవచ్చు కదా అని ఎవరైనా వాదిస్తే, మేజిస్ట్రేటు విషయంలో కొలత ఆయన సొంత అధికారమేనని సెక్షన్ 30 చూపించాలి.

ఒక తీర్పులో మూడు చోట్ల గీత దాటారు. ఇది చదివి మీ బావగారు చూశారా అంటారు. కాస్త ఆగమనండి. అధికారం లేని కోర్టు అసలు విచారణే చేస్తే అది చెల్లదు, ఆ మాట సెక్షన్ 461లో ఉంది. ఇక్కడ విచారించే అధికారం ఆ కోర్టుకు నిండుగా ఉంది. తప్పిందల్లా చివరి పేజీలో శిక్ష దగ్గర. అలాంటప్పుడు పై కోర్టు శిక్షను హద్దులోకి దించుతుంది, దోషి అన్న నిర్ణయం అలాగే ఉంటుంది. బట్ట పొడుగైందని తానంతా పారేయరు కదా, కత్తిరిస్తారు. హైకోర్టు మాటా అంతే. సెషన్స్ కోర్టులో అప్పీలు హక్కుగా ఉండగా దాన్ని వదిలి, కేసు కొట్టేయండని నేరుగా హైకోర్టుకు వెళ్తే, ముందు అక్కడికి వెళ్లి రమ్మంటారు. ఈలోగా 30 రోజులు గడిచిపోతాయి.

ఇక్కడ ఒక చిన్న మెలిక చెప్పాలి. శిక్ష ఏడేళ్లకు మించితే, వేసింది ఏ కోర్టయినా సరే, అప్పీలు సెషన్స్‌కు కాదు, హైకోర్టుకు వెళ్లాలని సెక్షన్ 374 రెండో ఉపవిభాగంలో ఉంది. అప్పీలు కోసం లెక్క వేసేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటిగా వేసిన శిక్షలన్నీ కలిపి ఒకే శిక్షగా చూడాలని 31 మూడో ఉపవిభాగం చెబుతుంది. మీ తమ్ముడికి సరిగ్గా ఏడేళ్లు, మించలేదు. అందుకే సెషన్స్. ఆఖరి సెక్షనుకు రెండేళ్ల మీద ఒక్క నెల ఎక్కువ వేసి ఉంటే మీరు హైకోర్టు మెట్లెక్కేవారు, గడువు కూడా 60 రోజులయ్యేది. కాబట్టి మీరు రాసిన అంకెలు తీర్పు చివరి పేజీలో ఉన్నవేనా అని వకీలు గారితో కూర్చుని అక్షరం అక్షరం చూడండి. జైల్లో ఉన్న వారెంటు కూడా చూడాలి. విడుదల తేదీ లెక్కించేది ఆ వారెంటు చూసే. తీర్పులో ఒకటి, వారెంటులో ఒకటి ఉంటే అది వేరే తలనొప్పి.

తీర్పు మొదటి పేజీ కూడా వదలొద్దు. జడ్జి గారు ఏ హోదాలో సంతకం చేశారో అక్కడ ఉంటుంది. ఆ కోర్టు సీజేఎం కోర్టు అయితే ఆయనకు ఏడేళ్ల అధికారం ఉన్నట్టే, ఆరేళ్ల లెక్క అక్కడ పనికిరాదు. జరిమానా మీద కూడా సీజేఎంకు ఆ 10 వేల హద్దు లేదు. మీరు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు అని స్పష్టంగా రాశారు కాబట్టి నేను అదే నమ్మి చెబుతున్నాను. కానీ ఒకే భవనంలో నాలుగు కోర్టులుండే చోట జనం పొరపడటం మామూలే.

మెమో సంగతి. అది కుదరదు. తీర్పు మీద సంతకం పడ్డాక రాతలోనో కూడికలోనో దొర్లిన పొరపాటు తప్ప ఆ కోర్టు ఇంకేమీ మార్చకూడదని సెక్షన్ 362 కట్టడి చేసింది. మూడు, రెండు, రెండు కలిపితే ఏడు. కూడిక సరిగ్గానే ఉంది. తప్పు చట్టాన్ని వర్తింపజేయడంలో ఉంది, దాన్ని దిద్దే అధికారం పై కోర్టుదే. మీ వకీలు గారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు గానీ, ఆ మెమో కోసం రెండు వాయిదాలు తిరిగితే మీ గడువు కరిగిపోతుంది.

ఇక శిక్ష పెరుగుతుందన్న భయం. ముద్దాయి వేసుకున్న అప్పీల్లో కోర్టు నేరనిర్ణయం తిప్పేయవచ్చు, మార్చవచ్చు, శిక్ష తగ్గించవచ్చు. అరుదుగా మళ్లీ విచారించమని వెనక్కి పంపనూవచ్చు. పెంచడం మాత్రం కుదరదని సెక్షన్ 386 రాసిపెట్టింది. పెంచాలంటే ప్రభుత్వం శిక్ష చాలలేదని వేరుగా అప్పీలు వేయాలి, లేదా కోర్టే రివిజన్ కింద, అంటే కింది కోర్టు ఉత్తర్వును పరిశీలించే అధికారం కింద, నోటీసు ఇచ్చి మిమ్మల్ని వినాలి. అప్పీల్లో ఇంకో అడ్డుకట్ట కూడా ఉంది. కింది కోర్టు వేయగలిగిన దానికంటే ఎక్కువ పై కోర్టు వేయకూడదు. 1999లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన భాస్కరన్ కేసు ఇందుకు మంచి ఉదాహరణ. కేరళ నుంచి వెళ్లిన చెక్కు బౌన్సు కేసు అది. కింది కోర్టు వదిలేస్తే హైకోర్టు దోషి అని తేల్చి పెద్ద జరిమానా వేసింది. విచారించింది ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు, ఆయనకు ఆనాడు 5 వేలే అధికారం, కాబట్టి హైకోర్టుకైనా ఆ కేసులో అంతకు మించి జరిమానా వేసే వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం పేరుతో ఇప్పించడం వేరు, దానికి ఆ హద్దు లేదని కూడా అదే తీర్పులో ఉంది. ఆ తర్వాత చెక్కు కేసుల వరకు పార్లమెంటు చట్టం మార్చి మేజిస్ట్రేట్ల జరిమానా అధికారం పెంచింది. మీది చెక్కు కేసు కాదు కాబట్టి ఆ మార్పు మీకు తగలదు.

ఇంతవరకు చెప్పినవన్నీ మీ వైపు బలంగా ఉన్నవి. ఇప్పుడు చెప్పబోయేది దయచేసి రెండుసార్లు చదవండి.

నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఇలాంటిదే ఒక అప్పీలు నా చేతికి వచ్చింది. దొంగతనాల కేసు. మూడు, మూడు, ఒకటి, మొత్తం ఏడేళ్లు. సెక్షన్ 31 కంటపడగానే నాకు ఎగిరి గంతేయాలనిపించింది. రాత్రంతా కూర్చుని రాసుకుని, సెషన్స్ కోర్టులో ఆ ఒక్క పాయింటే వాదించాను. జడ్జి గారు ఐదు నిమిషాలు విని, ప్రాసిక్యూటరు వైపు చూసి, ఏమంటారు అన్నారు. ఆయన ఏమీ అనలేదు. అప్పీలు కొంతవరకు అనుమతించి ఏడుని ఆరు చేశారు. గెలిచానని చెప్పుకుంటూ ఆఫీసుకు వస్తే మా సీనియరు తల ఎత్తకుండానే అడిగారు: "ఆరు అడిగావు, ఆరు ఇచ్చారు. మూడు ఎందుకు అడగలేదు?" నా దగ్గర జవాబు లేదు. తర్వాత హైకోర్టులో రివిజన్ వేసి శిక్షలన్నీ ఏకకాలంలో అమలయ్యేట్టు ఆయనే చేయించారు. అప్పటికే మా క్లయింటు మూడేళ్ల మీద కొన్ని నెలలు లోపలే ఉన్నాడు.

మీరు ఆ తప్పు చేయకూడదు. ఏడు ఆరవడం చట్టం ఎలాగూ ఇచ్చేదే, దానికి వాదన అక్కర్లేదు. మీరు గట్టిగా అడగాల్సింది శిక్షలు ఏకకాలంలో అమలు చేయమని. అప్పుడు మూడేళ్లే మిగులుతుంది. అడగడానికి మంచి కారణమే ఉంది. మూడు సెక్షన్లు ఉన్నా జరిగింది ఒకటే. రైతు డబ్బు తీసుకున్నాడు, పుస్తకంలో తక్కువ రాశాడు, దానికి తగ్గట్టు కాగితం దిద్దాడు అన్నదే ఆరోపణ. ఒకే లావాదేవీలోంచి పుట్టిన నేరాలకు శిక్షలు ఏకకాలంలో నడపడమే సబబైన పద్ధతి అని సుప్రీంకోర్టు 1988 నుంచీ చెబుతోంది. ఒకదాని తర్వాత ఒకటి అని ఎందుకు పెట్టారో మేజిస్ట్రేటు గారు తీర్పులో కారణం రాశారా? ఆ పేరా వెతకండి. కారణం లేకపోతే అదే మీ వాదనలో మొదటి వాక్యం.

ఇంకో మాట. ఆ శిక్షలు ఏకకాలం అయి ఉంటే మీ తమ్ముడు తీర్పు రోజు సాయంత్రం ఇంటికి వచ్చే అవకాశం ఉండేది. బెయిలు మీద ఉన్న ముద్దాయికి మూడేళ్లు మించని శిక్ష పడి, అప్పీలు వేస్తానంటే, శిక్ష వేసిన కోర్టే దాన్ని కొన్నాళ్లు నిలిపి వదిలిపెట్టవచ్చు. ఏడు కావడంతో ఆ తలుపు మూసుకుపోయింది. ఇప్పుడు ఆ పని సెషన్స్ కోర్టు చేయాలి. అప్పీలుతో పాటే శిక్ష నిలుపుదల, బెయిలు పిటిషన్ వేయించండి. పాత నంబరు 389, కొత్త సంహితలో 430. నిర్ణీత కాలం శిక్షల్లో నిలుపుదల విషయం ఉదారంగా చూడాలి, లేకపోతే అప్పీలు విచారణకు వచ్చేసరికి శిక్షే అయిపోతుందని సుప్రీంకోర్టు 1999లోనే హెచ్చరించింది. మీ పిటిషన్లో ఆ మాట ఉండాలి. విచారణ సాగినన్నాళ్లూ బెయిలు మీద ఉండి ఒక్క వాయిదా తప్పలేదన్నది నిజమైతే అదీ ఉండాలి. చూడగానే మూడు చోట్ల హద్దు దాటిన శిక్ష అని మొదటి పేరాలోనే చెప్పాలి. అధికారం దాటిందన్న పాయింటు ఇక్కడ బాగా పనికొస్తుంది. అప్పీలు ఎప్పుడు తేలినా, ఆ శిక్ష ఇలాగే నిలబడదని జడ్జి గారికి ఆ రోజే అర్థమవుతుంది.

శిక్ష కంటే ముందు నేరనిర్ణయం మీదే అప్పీలు ఉండాలి, అది మరవద్దు. ఆడిట్ రిపోర్టు ఎవరు రుజువు చేశారు, రసీదు పుస్తకాలు ఎవరి బీరువాలో ఉండేవి, తాళం చెవి సెక్రటరీ దగ్గరా గుమాస్తా దగ్గరా, దస్తూరి నిపుణుడికి పంపారా, డబ్బు కట్టామన్న రైతుల్లో ఎంతమంది కోర్టుకు వచ్చి చెప్పారు, ఇవన్నీ అక్కడ తేలాలి. రికార్డు చూడకుండా ఇక్కడ కూర్చుని నేనేమీ చెప్పలేను. ఇవేవీ ఫలించకపోతే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం సెక్షన్ 4 కింద మంచి నడవడి బాండు మీద వదలమనీ, అదీ కుదరకపోతే ఏకకాలం చేయమనీ, ఆ వరసలో అడగాలి. ప్రొబేషన్ ఎందుకు ఇవ్వలేదో కింది కోర్టు కారణం చెప్పాలి, చెప్పిందేమో చూడండి.

సొసైటీ వాళ్లతో రాజీ పడితే కేసు పోతుందని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. 408 కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. 468, 477ఏ రాజీకి రావు. కాబట్టి రాజీ కాగితం కేసును మూసేయదు. అయితే డబ్బు తిరిగి కట్టేశాడన్న విషయం శిక్ష తగ్గించమని అడిగేటప్పుడు బాగా పనిచేస్తుంది. సహకార సంఘాల చట్టం సెక్షన్ 60 కింద సర్‌చార్జి ఉత్తర్వు, అంటే సొసైటీ నష్టాన్ని కట్టమనే ఉత్తర్వు, ఏదైనా ఉంటే అది వేరే దారి, ఈ అప్పీలుతో ఆగదు.

జరిమానా గురించి చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. శిక్షలు ఏకకాలం అయితే జరిమానా బదులు జైలు కూడా అందులో కలిసిపోతుందనుకుంటారు. కలవదు. జరిమానా కట్టనందుకు పడే జైలు శిక్షలు ఒకదానితో ఒకటి కలిపి ఏకకాలంలో నడపడానికి వీల్లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ తమ్ముడికి అసలు శిక్ష మూడేళ్లకు తగ్గి, జరిమానా కట్టకపోతే, హద్దులోకి దించిన తర్వాత కూడా తొమ్మిదేసి నెలల చొప్పున 27 నెలలు అదనంగా ఉండాలి. అందుకని జరిమానా డబ్బు సిద్ధం చేసుకోండి. శిక్ష నిలుపుదల ఇచ్చేటప్పుడు కోర్టు మామూలుగా జరిమానా కట్టమంటుంది. సెక్షనుకు 10 వేలే హద్దని చూపించి, మొత్తం 30 వేలు కట్టడానికి అనుమతి అడగండి. లేదు, మొత్తం 60 వేలూ కట్టాల్సిందే అంటే కట్టేయండి. అప్పీల్లో తగ్గితే మిగతాది వాపసు అడగవచ్చు. కట్టినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

అప్పట్లో రిమాండులో ఉన్న 41 రోజులు శిక్షలోంచి మినహాయించాలి. సెక్షన్ 428 ఇచ్చిన హక్కు అది. తీర్పులోనూ వారెంటులోనూ ఆ తేదీలు వేశారో లేదో చూసుకోండి.

సెక్షన్ల నంబర్ల గురించి టెన్షన్ పడొద్దు. విచారణ పాత చట్టం కింద ముగిసింది. అప్పీలు ఇప్పుడు వేస్తున్నారు కాబట్టి కొత్త సంహిత సెక్షన్ 415 రాసి, పక్కన పాత 374 కూడా వేయించండి. ఆఫీసు వాళ్లు కాగితాలు రిటర్న్ వేస్తే మళ్లీ నాలుగు రోజులు పోతాయి. హద్దుల గురించి వాదించేటప్పుడు మాత్రం పాత 29, 30, 31 సెక్షన్లే చెప్పాలి. కొత్త సంహితలో ఇవి 23, 24, 25 అయ్యాయి. రెండింతల హద్దు అందులోనూ ఉంది.

సెషన్స్ కోర్టులో అనుకున్నది జరగకపోతే హైకోర్టులో రివిజన్ వేసుకోవచ్చు, దానికి 90 రోజుల గడువు. ఆ మాట అప్పటికి చూద్దాం.

వకీలు ఫీజు గురించి కూడా ఒక మాట. జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. మీ తమ్ముడు జైలు నుంచే అప్పీలు కాగితం, తీర్పు కాపీ జైలు అధికారి చేతికి ఇచ్చినా దాన్ని కోర్టుకు పంపాల్సిన బాధ్యత వాళ్లదే. గడువు మరీ దగ్గరపడితే అలాగైనా చేయించండి. సొంత వకీలును పెట్టుకుంటే వకాలతు మీద మీ తమ్ముడి సంతకం కావాలి. అది జైల్లోనే పెట్టించి, జైలు అధికారి ధ్రువీకరణ వేయించుకోవాలి. ఈ వారం ములాఖత్‌కు వెళ్లేటప్పుడు ఖాళీ వకాలతు ఫారం ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లండి, ఇంకోసారి తిరగనక్కర్లేకుండా.